స్ప్రింగులు సర్దుకునే దాకా

ఈస్టరుకి ముందు నలభై రోజుల్ని మేము శ్రమల దినాలంటాం. ఆ రోజుల్లో మా ఇంట్లో కొత్త వస్తువు అడుగు పెట్టదు. ఇది మా ఏసమ్మ పెట్టిన చట్టం. కొత్త చీర, కొత్త చెప్పుల మాట సరే, చీపురు అరిగి మొద్దయిపోయినా ఆ మొద్దుతోనే ఊడుస్తుంది. పాతది బాగు చేసుకోవచ్చు, కొత్తది కొనకూడదు. పెళ్ళయిన దగ్గర్నించీ చూస్తున్నాను, ఒక్క ఏడు తప్పింది లేదు.

పోయిన ఏడు సరిగ్గా ఆ రోజుల్లోనే, ఒక శనివారం పొద్దున్న, మా మనవడు సాల్మన్ నన్ను కారెక్కించుకుని ధవళేశ్వరం బయల్దేరాడు. వెనక సీటు నిండా అట్టపెట్టెలున్నాయి.

"ఏంట్రా అవి?" అన్నాను.

"షాకబ్జర్లు తాతయ్యా. స్ప్రింగులతో కలిపి వస్తాయి. కాయిలోవర్లంటారు. పూనా నించి తెప్పించాను."

"కొత్తవా?"

వాడు ఆనకట్ట మీద ఎదురొస్తున్న లారీకి దారిచ్చాడు, అద్దం సర్దుకున్నాడు, ఏసీ పెంచాడు.

సాల్మన్ మా పెద్దవాడి కొడుకు. అమ్మానాన్నల ఉద్యోగాలు విశాఖపట్నంలో. వీడికి రాజమండ్రిలో టైల్స్ షోరూములో పని దొరికాక, నిడదవోలు పక్కన కాలవ గట్టు మీదున్న మా ఇంట్లో ఉండిపోయాడు. చెల్లెలు తబిత కూడా మా దగ్గరే ఉండి బీఈడీ చదువుతోంది. భీమవరంలో రొయ్యల చెరువు దెబ్బతిన్న ఒకాయన ఆ కారు అమ్ముకుంటుంటే వీడు తెచ్చుకున్నాడు. ఎర్ర రంగు, రెండే తలుపులు. వెనక కూర్చోవాలంటే ముందు సీటు వంచి దూరాలి. తబిత దానికి ఎర్రపీత అని పేరు పెట్టింది. పందేలకి తోలే జాతి బండి అంట. మావాడు మాత్రం రోజూ పనికీ దాంట్లోనే వెళ్తాడు, పాలప్యాకెట్టుకీ దాంట్లోనే వెళ్తాడు.

నేను నిడదవోలు స్టేషను దగ్గర రిక్షా తొక్కి పిల్లల్ని పెంచినవాణ్ణి. అంతకాలం నా వీపు చూసినవాళ్ళే గానీ మొహం చూసినవాళ్ళు తక్కువ. ఈ కారు వచ్చాక ముందు సీట్లో కూర్చుని బజార్లోంచి వెళ్తుంటే, కిళ్ళీకొట్టు దగ్గర జనం మెడలు తిప్పి చూసేవారు. నేను చూడనట్టు ఎదరికే చూసేవాణ్ణి. కానీ అన్నీ కనపడేవి.

ధవళేశ్వరంలో దుర్గాసాయి అనే మెకానిక్ షెడ్డుకి వెళ్ళాం. నలభై ఏళ్ళుంటాయి, మాట సరదా మనిషి. కారు పైకెత్తి, చక్రాలూడదీసి, పాత షాకబ్జర్లు బయటికి తీసి నా ముందు పెట్టాడు. నూనె కారి జిడ్డోడుతున్నాయి.

"ఇవి పోయాయండి తాతగారూ. బండి పడవలా ఊగుతోందంటే ఇందుకే. ఇలాంటివే ఇంకో జత వేసుకుంటే హాయిగా తిరుగుతుందని చెప్పాను. మీవాడు వింటేనా!"

"రోజూ తిరిగేవాణ్ణి నేను కదన్నా," అన్నాడు సాల్మన్. "మలుపులో అతుక్కున్నట్టు వెళ్ళాలి బండి."

"అతుక్కుంటుంది, అతుక్కుంటుంది. జీతం కూడా దీనికే అతుక్కుంటుంది."

పెట్టెల్లోంచి కొత్తవి తీశారు. నీలం రంగు స్ప్రింగులు, లోపల పసుపు గొట్టాలు. చిన్నపిల్లల బొమ్మల్లా ఉన్నాయి. దుర్గాసాయి ఒకటి చేతిలో పట్టుకుని నాకు చూపించాడు. గొట్టం చుట్టూ మరలు, మరల మీద ఒక రింగు. ఆ రింగు కిందికి తిప్పితే కారు కిందికి దిగుతుంది, పైకి తిప్పితే లేస్తుంది. కొసన చిన్న మీట ఉంది. అది ఒకవైపు తిప్పితే కుదుపు మెత్తగా ఉంటుంది, ఇంకోవైపు తిప్పితే గట్టిగా ఉంటుంది.

"మనిష్టం వచ్చినట్టు పెట్టుకోవచ్చు," అన్నాడు. "ఎంత దించమంటారో చెప్పండి. దించితే అందం. దించకపోతే సుఖం."

సాల్మన్ చక్రం పక్కన గొంతుక్కూర్చుని ఆలోచించాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"తాతయ్యా, మామ్మ ఎక్కగలదంటావా?"

షెడ్డు బయట ఎవరిదో తెల్లకారు ఉంది. అలాగే దించినదే. కాలేజీ కుర్రాళ్ళు దాని పక్కన నిలబడి ఫోటోలు తీసుకుంటున్నారు. నేను దాన్నే చూస్తున్నాను.

"దించరా," అన్నాను. "మామ్మ బక్క మనిషి. ఎలాగోలా దూరుతుంది."

"నడుం నొప్పి అంటూ ఉంటుంది కదా?"

"అది ఎప్పుడూ ఉండేదేలే. దించమను."

దుర్గాసాయి నవ్వి, కొక్కెం లాంటి పానా అందుకున్నాడు.

తిరిగొస్తుంటే సాల్మన్ అన్నాడు, "కొత్తవని మామ్మకి చెప్పకు తాతయ్యా. బండి బాగు చేయించామని చెబుదాం. అబద్ధం కూడా కాదు."

"కాదులే," అన్నాను.

కారు రోడ్డుని పట్టుకుని పోతోంది. నా మోచెయ్యి కిటికీలో పెడితే తారు చేతికందేలా ఉంది. ధవళేశ్వరం సెంటర్లో ఇద్దరు మోటారు సైకిలు ఆపి మరీ చూశారు.

ఆదివారం గుడికి బయల్దేరాం. ముందు సీటు నాది. మోకాళ్ళు మడత పడవని చెప్పి మొదట్నించీ అక్కడే కూర్చుంటున్నాను. ఏసమ్మ వెనక. ఆవిడ ముందు తల పెట్టింది, తర్వాత భుజం, తర్వాత చీర కుచ్చిళ్ళు పట్టుకుని ఒక్కో కాలూ లోపలికి లాక్కుంది.

"ఏంటండీ, ఇది నేలలోకి దిగబడినట్టుంది?" అంది.

"బాగు చేయించాంగా. స్ప్రింగులు కొంచెం సర్దుకోవాలి," అన్నాను నేను. ఆ మాట నాకు ఎక్కడినించి వచ్చిందో తెలియదు.

"ఎన్నాళ్ళకి సర్దుకుంటాయి?"

"తిరిగే కొద్దీ సర్దుకుంటాయి."

సాల్మన్ పక్కనించి ఓరగా నన్ను చూశాడు. నేను కాలవ వైపు చూశాను. మా గట్టు రోడ్డు మీద అడుగడుగునా స్పీడు బ్రేకర్లు, రాళ్ళు లేచిపోయిన గోతులు. ఒక్కో చోట కారు కడుపు రాసుకుని కీచుమంటోంది. మేము ముందు ఉన్నాం కాబట్టి మాకు చప్పుడే. వెనక చక్రం నెత్తిన కూర్చున్న మనిషికి అది నేరుగా నడుముకే తగులుతుందని నాకు తెలియదా? రిక్షా తొక్కిన వాడికి తెలియదా?

శ్రమల దినాల్లో వారానికి రెండు మూడు సాయంత్రాలు కూడికలు ఉంటాయి. ఒక్కో రోజు ఒక్కొక్కరింట్లో చేరి పాటలు పాడి, ప్రార్థన చేసుకుంటాం. కాలవ అవతలి ఊళ్ళలో కూడా మా గుడి సంఘం వాళ్ళున్నారు. అంతకుముందు ఏసమ్మ షేరాటోలో వెళ్ళేది. సాల్మన్ పని నించి రాగానే తీసుకెళ్తానని తనే పెట్టుకున్నాడు. మామ్మంటే వాడికి ప్రాణం.

రెండు సార్లు వెళ్ళాక ఏసమ్మ అంది, "ఇవాళ ఆటోలో వెళ్తాన్లెండి. పిల్లాడు అలిసిపోయి వచ్చాడు."

వాడి మొహం చిన్నబోయింది. "నాకేం అలుపు మామ్మా? కారు నచ్చలేదా?"

"నచ్చకపోవడమేంట్రా!"

"ఇంట్లో కారు పెట్టుకుని ఆటో ఎందుకే?" అన్నాను నేను. "పది మందీ ఏమనుకుంటారు?"

ఆవిడ మళ్ళీ కుచ్చిళ్ళు పట్టుకుంది.

ఆ రోజు కూడికలో సాక్ష్యాలు చెప్పుకునే సమయం వచ్చింది. అంటే దేవుడు చేసిన మేలు ఎవరికి వాళ్ళు లేచి అందరి ముందూ చెప్పుకోవడం. ఏసమ్మ గోడ పట్టుకుని లేచింది.

"మా మనవడి బండి పాడైపోయిందండి. ఈ వయసు పిల్లలు కొత్తవి కావాలంటారు. మావాడు శ్రమల దినాలు కదా మామ్మా అని పాతదే బాగు చేయించుకున్నాడు. కోరిక అణుచుకునే మనసు దేవుడు వాడికి ఇచ్చాడు. అందుకు స్తోత్రం."

"స్తోత్రం," అన్నారు అందరూ.

సాల్మన్ గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. వాడి చెవులు ఎర్రబడ్డాయి. నేను చాప మీద పీచు లాగుతూ కూర్చున్నాను.

తబిత నా పక్కకి వంగి, "తాతయ్యా, ఆ నీలం స్ప్రింగులు కూడా పాతవేనా?" అంది మెల్లిగా. ఆ పిల్లకి కళ్ళున్నాయి.

"ఊరుకో," అన్నాను.

కూడిక అయ్యాక పాస్టరు అయ్యగారు ఏసమ్మని ఆగమన్నారు. గుడ్ ఫ్రైడే నాడు మా గుడిలో ఏడుగురు లేచి సిలువ మీది ఏడు మాటల గురించి ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతారు. ఎప్పుడూ మాస్టార్లకీ, రిటైరైన ఆఫీసర్లకీ వస్తాయి ఆ మాటలు.

"ఐదో మాట ఈ ఏడు మీరు చెప్పండి ఏసమ్మ గారూ," అన్నారు అయ్యగారు. ఐదోది దాహం మాట, సిలువ మీద ప్రభువు దాహమవుతోందని అడిగిన మాట.

"నేనాండీ? నాకు చదువెక్కడిది?"

"ఇందాక చెప్పారే, అలా చెప్పండి చాలు. ఆ సాక్ష్యం వినే అనిపించింది నాకు."

దారి పొడుగునా ఆవిడ వెనక సీట్లో తనలో తను నవ్వుకుంటోంది. గోతిలో పడ్డప్పుడు మాత్రం నవ్వు ఆగేది, మళ్ళీ మొదలయ్యేది. మేమిద్దరం ముందు కూర్చుని ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకోలేదు.

తర్వాత రోజుల్లో తబిత ఆవిడకి వాక్యం చదివి వినిపించేది. ఏసమ్మ అంట్లు తోముతూ, బియ్యం ఏరుతూ ఐదో మాట చెప్పుకునేది. కోళ్ళకి కూడా చెప్పింది. కారెక్కినప్పుడల్లా ఒకసారి అడిగేది.

"ఇంకా సర్దుకోలేదాండీ?"

"ఇంకో వారం పడుతుందేమో."

ఒకసారి సాల్మనే అన్నాడు, ఆవిడ లేనప్పుడు. "కొంచెం పైకి లేపిస్తాను తాతయ్యా. మామ్మ దిగేటప్పుడు పళ్ళు బిగబట్టుకుంటోంది."

"పండగ అవనీరా. ఈస్టరుకి మీ నాన్నావాళ్ళు వస్తారు, చూస్తారు," అన్నాను. ఇదీ నేనే అన్నాను.

ఈస్టరుకి ముందు వారం వచ్చే మట్టలాదివారం ఇంకా రాలేదు. ఒక సాయంత్రం సమిశ్రగూడెంలో కూడిక. ఎండ అప్పుడే వాలుతోంది. కాలవ తూము దగ్గర రోడ్డు కోసుకుపోయి గొయ్యి పడింది. ఎదురుగా గేదెలు వస్తే సాల్మన్ పక్కకి తిప్పాడు. కారు దబ్బుమని దిగి లేచింది. కింద ఇనుము మోగింది. వెనక నించి మాత్రం చప్పుడు లేదు.

"మామ్మా, తగిలిందా?"

"లేదురా. పోనీ."

ఆ ఇంటి ముందు ఆగాం. నేను దిగి సీటు వంచాను. ఏసమ్మ కదల్లేదు.

"మీరు పదండి. ఐదో మాట ఒకసారి నెమరేసుకుని వస్తాను. గాలి బాగుంది ఇక్కడ," అంది.

సాల్మన్‌ని ఆ ఇంటివాళ్ళు కుర్చీలు సర్దమని పిలిచారు. నేను లోపలికెళ్ళి మగవాళ్ళ వైపు కూర్చున్నాను. పాటలు మొదలయ్యాయి. ఏసమ్మ గారేరని ప్రసన్నకుమారి టీచరు గారు అడిగారు. ఆవిడ స్త్రీల సమాజానికి సెక్రటరీ, పాటలు ఎత్తుకునేదీ ఆవిడే.

"బయట కారులో కూర్చుని వాక్యం చదువుకుంటోందండి," అన్నాను. చెప్పుకోవడానికి గొప్పగానే అనిపించింది.

పాటలయ్యాయి, ప్రసంగమయ్యింది, ప్రార్థన అయ్యింది. టీ ఇచ్చారు, తాగాను. అప్పుడు బయటికొచ్చాను.

ఏసమ్మ ముందు సీటు వీపు రెండు చేతులా పట్టుకుని ఉంది. ఒక కాలు తలుపు బయట వేలాడుతోంది. దాని చెప్పు రోడ్డు మీద పడి ఉంది. రెండో కాలు లోపలే ఉండిపోయింది. జాకెట్టు చెమటకి తడిసి వీపుకి అంటుకుంది.

"అయిపోయిందాండీ కూడిక?" అంది. "మూడో పాట బాగా వినపడింది."

"ఎంతసేపటి నించి ఇలా ఉన్నావు?"

"మీరెళ్ళాక దిగుదామని చూశాను. రెండో కాలు రానంది."

"పిలవకపోయావా?"

"ప్రార్థనలో ఉన్నారు కదా. ఎలా పిలుస్తాను?"

సాల్మన్ పరిగెత్తుకొచ్చాడు. వాడూ, ఇద్దరు ఆడవాళ్ళూ కలిసి ఆవిడని తీశారు. అప్పుడు అరిచింది ఏసమ్మ. నలుగురు పిల్లల్ని కన్నప్పుడు కూడా అరవని మనిషి.

ఆస్పత్రిలో డాక్టరమ్మ ఎముక విరగలేదని చెప్పింది. పూసల మధ్య మెత్తటిది నలిగిందంట. మంచం దిగకూడదు, కుదుపు తగలకూడదు. ఇంటికి అంబులెన్సులో తెచ్చాం. సాల్మన్ తన కారులో వెనక వచ్చాడు, ఒక్కడే.

మర్నాడు వాడు పనికి వెళ్ళలేదు. దుర్గాసాయి దగ్గరికి వెళ్ళి రింగులన్నీ పైకి తిప్పించి, మెత్తన చేయించి తెచ్చాడు. కారు గుమ్మం ముందు కాళ్ళు పొడుగైన దూడలా నిలబడింది. వాడు లోపలికొచ్చి మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. నేను గుమ్మంలో ఉన్నాను.

"మామ్మా, అవి బాగు చేసినవి కాదు. కొత్తవి. నేనే కొన్నాను. నేనే దించమన్నాను."

నేనే దించమన్నాను అన్నాడు. నా వైపు చూడను కూడా చూడలేదు. నేను నోరు తెరిచాను. నాకు మాట రావడానికి ఎప్పుడూ కొంత సమయం పడుతుంది. ఈలోగా ఏసమ్మ మాట్లాడింది.

"కొత్తవా?"

"ఊఁ."

"శ్రమల దినాల్లోనా?"

"ఊఁ."

తిడుతుందనుకున్నాం. ఆవిడ పైన తిరుగుతున్న ఫ్యాను వైపు చూసింది.

"మరి నేను లేచి నిలబడి చెప్పానేంట్రా?" అంది. "అందరి ముందూ. దేవుడి పేరు మీద చెప్పాను. అందరిచేతా స్తోత్రం అనిపించాను."

"నీకు తెలియక కదా మామ్మా!"

"అది విని అయ్యగారు నాకు ఐదో మాట ఇచ్చారు." తబితని పిలిచింది. "ఇంకెవరికైనా ఇచ్చుకోమని అయ్యగారికి ఫోను చెయ్యవే. అబద్ధ సాక్ష్యం చెప్పిన నోటితో నేను అక్కడ నిలబడను."

"మామ్మా, నడుం బాగోలేదని చెబుతాలే," అంది తబిత.

"నడుమెందుకు? ఉన్నది చెప్పు."

తబిత ఫోను పట్టుకుని పెరట్లోకి వెళ్ళింది గానీ చెయ్యలేదు. వెనకే వెళ్ళిన నాతో అంది, "తాతయ్యా, కారు దించమన్నది అన్నయ్య ఒక్కడేనా? వాడు మామ్మ కూర్చునే సీటులో గుండుసూది పడినా ఏరేసే రకం."

నేను బావి దగ్గరికెళ్ళి, అవసరం లేకపోయినా కాళ్ళు కడుక్కున్నాను.

ఏసమ్మ గుడికి రాలేదని మట్టలాదివారం సాయంత్రం కూడిక మా ఇంట్లోనే పెట్టారు. మంచం చుట్టూ చాపలు పరిచాం. అయ్యగారు పరామర్శించి, "ఐదో మాటకి సిద్ధమేనా?" అన్నారు నవ్వుతూ.

"లేదండీ అయ్యగారూ. నేను చెప్పిన సాక్ష్యం నిజం కాదండి," అంది ఏసమ్మ.

సాల్మన్ లేచి, "తప్పు నాదండి. మామ్మకి నేనే అబద్ధం చెప్పాను," అన్నాడు. ఎవరో చప్పరించారు. ఎవరో "ఏం పిల్లలమ్మా" అన్నారు. వాడు తల వంచుకుని అలాగే నిలబడ్డాడు. ఇరవయ్యారేళ్ళ మగపిల్లాడు, అంతమంది ముందు.

నేను లేచాను. గుడిలో గానీ, కూడికలో గానీ నేను నోరు విప్పినవాణ్ణి కాదు. "అయ్యగారూ... నేను... ఆ శనివారం..." అన్నాను. తర్వాతి మాట కోసం చూస్తున్నాను. నేను ప్రార్థన చెయ్యబోతున్నాననో, పాట అడుగుతున్నాననో అనుకున్నట్టున్నారు. ప్రసన్నకుమారి టీచరు గారు గొంతు సవరించుకుని పాట ఎత్తుకున్నారు. అందరూ అందుకున్నారు. చేతిలో మాట పట్టుకుని నేను పాట అయ్యేదాకా నిలబడ్డాను. అవగానే అయ్యగారు ముగింపు ప్రార్థన మొదలుపెట్టారు. నేను కళ్ళు మూసుకుని కూర్చున్నాను. నిజం చెప్పాలంటే, కాళ్ళు కొంచెం తేలికపడ్డాయి కూడా.

అందరూ వెళ్ళాక ఏసమ్మకి గంజి తాగించాను. ఆవిడ చెంచాకి చెయ్యి అడ్డం పెట్టి ఆపింది.

"ఏదో చెప్పబోయారు?"

"దించమన్నది నేను."

"ఏంటి?"

"వాడు అడిగాడు, మామ్మ ఎక్కగలదా అని. నేనే దించమన్నాను. తర్వాత వాడు పైకి లేపిస్తానంటే, అప్పుడూ నేనే వద్దన్నాను. స్ప్రింగులు సర్దుకోవడమనేది ఏమీ లేదు. నేను కల్పించాను."

ఆవిడ చెంచా పక్కకి తోసింది.

"ఆ ముందు సీటు కోసమా?"

"కాదు," అన్నాను. గంజి కలిపాను. "అవును."

ఆవిడ మొహం గోడ వైపు తిప్పుకుంది. ఏడ్చిందో లేదో నాకు తెలియదు. అటు తిరిగే మాట్లాడింది.

"నాకొక్కదానికీ చెబితే సరిపోయిందా?"

నేను గంజి గిన్నె కింద పెట్టాను.

"నేను అందరి ముందూ చెప్పాను. పిల్లాడు అందరి ముందూ నిలబడ్డాడు." తర్వాత, "అయ్యగారితో వస్తానని చెప్పించండి. ముందు నా మాట నేను దిద్దుకుంటాను. ఆ తర్వాతే ఐదో మాట," అంది.

గుడ్ ఫ్రైడే నాడు డాక్టరమ్మని అడిగి, నడుముకి పట్టీ కట్టి, ముందు సీటు వెనక్కి వాల్చి ఏసమ్మని కూర్చోబెట్టాం. నేను వెనక దూరాను. కారు ఎత్తుగా ఉంది, మెత్తగా ఉంది, సాల్మన్ నడిచే మనిషి కన్నా నెమ్మదిగా తోలాడు. అయినా వెనక సీట్లో ప్రతి గొయ్యీ నా వెన్నుపూస లెక్కపెట్టింది. ఇంతకాలం ఈ బండి ఎంత హాయో ముందు కూర్చుని ఊరంతా చెప్పాను.

గుడి నిండిపోయింది. అందరూ తెల్లబట్టలు, అందరూ ఉపవాసం. బయట షామియానా కింద కూడా జనం. నాలుగు మాటలయ్యాక ఏసమ్మకి కుర్చీ వేసి మైకు కిందికి వంచారు.

"శ్రమల దినాల్లో నేనొక సాక్ష్యం చెప్పానండి," అంది. "మా బండి బాగు చేయించుకున్నామన్నాను. కాదంట. కొత్తవి కొన్నారంట. తెలియక చెప్పాను. తెలియకపోయినా చెప్పిన నోరు నాదే కాబట్టి నేనే దిద్దుకుంటున్నాను. నన్ను క్షమించండి."

ఎవరి పేరూ చెప్పలేదు. కొంచెం ఊపిరి తీసుకుని ఐదో మాటలోకి వచ్చింది.

"నా చిన్నప్పుడు ఊడ్పులకి వెళ్ళేవాళ్ళమండి. మధ్యాహ్నం దాహమయ్యేది. గట్టు మీద రైతుగారి బిందె ఉండేది. అడిగితే పోసేవారు. దోసిలి పడితే, ఎత్తు నించి పోసేవారు. చెయ్యి తగలకూడదు కదండీ. సగం నీళ్ళు మోచేతుల మీంచి పొలంలోకే పోయేవి. అందుకని నేను అడగడం మానేశాను. ఇంటికొచ్చే దాకా ఉగ్గబట్టుకునేదాన్ని. అడక్కపోవడం గొప్ప అనుకునేదాన్ని. ఆయన దేవుడి కొడుకై ఉండి అడిగాడండి. అంత నొప్పిలో, కిట్టనివాళ్ళని, నోరు తెరిచి అడిగాడు. అది చెయ్యడం ఎంత కష్టమో నాకు ఈ మధ్యనే తెలిసింది."

అంతే చెప్పింది. మాస్టార్లు చెప్పినంత పొడుగు లేదు. ఈ పొలం సంగతి నాకు ఇన్నేళ్ళలో ఎప్పుడూ చెప్పలేదు. నేను అడగలేదు.

ఆరాధన అయ్యాక షామియానా కింద మజ్జిగ పంచుతారు. సాల్మన్ కాగు దగ్గర నిలబడి గ్లాసులు నింపుతున్నాడు. వరసలో ముందు ప్రసన్నకుమారి టీచరు గారు. నన్ను చూసి గొంతు తగ్గించారు.

"ఏసమ్మ గారు ఎంత బాగా చెప్పారండీ! మీ మనవడికి మాత్రం గట్టిగా చెప్పుకోండి రాజరత్నం గారూ. ఇంట్లో పెద్దావిడ ఉందని కూడా చూడకుండా ఏంటండీ ఆ కారు సోకులు!"

గొంతు తగ్గించినా వాడికి వినపడింది. వాడు గరిటె కాగులో ముంచి అలాగే ఉంచాడు.

"నువ్వు పక్కకి రా," అన్నాను వాడితో. నేను వెళ్ళి కాగు దగ్గర నిలబడ్డాను. గ్లాసు నింపి టీచరు గారికి అందించాను. ఆవిడ పట్టుకుంది. నేను వదల్లేదు.

"వాడు... కాదండి," అన్నాను.

"ఏంటండీ?" ఆవిడ గ్లాసు లాక్కోబోయింది. పొద్దుట్నించీ పచ్చి మంచినీళ్ళు కూడా తాగని మనిషి.

"దించమన్నది... నేనండి. వాడు వద్దేమో... అన్నాడు. నేనే... నా సోకు."

అప్పుడు వదిలాను. ఆవిడ గ్లాసు పట్టుకుని నా మొహం చూస్తూ పక్కకి జరిగింది. తర్వాత వచ్చినాయన స్టేషను దగ్గర నాతో రిక్షా తొక్కినవాడే. గ్లాసు పట్టుకున్నాడు. నేను వదల్లేదు. ఆయనకీ చెప్పాను. తర్వాతి వాళ్ళకీ చెప్పాను. వెనక వరస పెరిగిపోతోంది. ఎండ మండిపోతోంది. "ఏంటి ఆలస్యం?" అని ఎవరో అరుస్తున్నారు. నా మాట నాది, దాని నడక దానిది. మాట పూర్తయ్యేదాకా గ్లాసు నా చేతిలోనే.

సాల్మన్ వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. "చాలు తాతయ్యా. పద. మామ్మ కారులో కూర్చుంది."

"నువ్వెళ్ళి ఏసీ వెయ్యి," అన్నాను. "అయ్యగారు ఇంకా మజ్జిగ తాగలేదు."